పిల్లలకు వేసిన నాటు మందు గురించి డాక్టర్లు అడగాలి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారములు.

మా పాపకు ఏడేళ్ల వయసులో పచ్చకామెర్లు వస్తే మా అత్తమ్మ పక్క ఊరి నుంచి పసరు తెప్పించి మూడు రోజులు పరగడుపున తాగించారు. నాలుగో రోజు వాంతులు ఆగకపోవడంతో ఆస్పత్రికి పరుగెత్తి, ఏమీ దాచకుండా ఆ సంగతి చెప్పాను. ఆ డాక్టరు గారు అది ఏ ఆకు పసరని గానీ, ఎంత తాగించారని గానీ అడగలేదు. చదువుకున్నదానివై ఉండి ఇదేం పని అని పదిమందిలో కేకలేశారు. పాప కోలుకుంది. ఆ తర్వాత మాత్రం ఇంట్లో ఏ మందు వేసినా, తప్పని తెలిసి కూడా, డాక్టర్ల దగ్గర దాచిపెడుతూ వచ్చాను.

వస కొమ్ము అరగదీసి నాకించడం, ఆముదం పట్టడం మన ఇళ్లలో మామూలే. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప మందు కోసం ఉబ్బసం ఉన్న పిల్లలను ఎత్తుకొని వచ్చేవారికి ప్రభుత్వమే ఏర్పాట్లు చేస్తుంది. అలా మందు మింగించిన తల్లి ఇన్‌హేలర్ ఆపేసిందో లేదో తెలియకుండా డాక్టరు ఆ బిడ్డకు ఏ మోతాదు రాయగలరు?

కామెర్ల విషయం నన్ను మరింత బాధపెడుతుంది. పెద్ద పిల్లలకు తరచుగా వచ్చే హెపటైటిస్ ఏ దాదాపు ఎప్పుడూ దానంతట అదే తగ్గుతుంది, పేరు మాత్రం పసరుకు వస్తుంది. ఆ నమ్మకంతోనే పసికందుకూ పసరు పోస్తారు. పుట్టిన రెండు వారాల తర్వాత కూడా కామెర్లు ఉండి, విరేచనం సున్నంలా తెల్లగా అవుతుంటే, అది కాలేయం నుంచి పైత్యరసం వచ్చే నాళాలు మూసుకుపోయే జబ్బు కావచ్చు. దానికి శస్త్రచికిత్స బిడ్డ పుట్టిన సుమారు 60 రోజులలోపు జరిగితేనే ఫలితం బాగుంటుంది. ఆ రోజులు పసరుతో గడిచిపోతే చివరికి కాలేయ మార్పిడి దాకా వెళ్లవలసి రావచ్చు.

నేను ఆయుర్వేదానికి వ్యతిరేకిని కాను. పిల్లల వైద్యాన్ని కౌమారభృత్యమని ఎనిమిది అంగాల్లో ఒకటిగా నిలిపిన శాస్త్రమది. పాదరసం, ఇంగిలీకం (పాదరసం ఉండే ఎర్రటి ఖనిజం), ఉమ్మెత్త వంటివి కలిసిన లోపలికి తీసుకునే మందుల మీద, వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండాలని డ్రగ్స్ నియమావళిలోని 161వ నియమం చెబుతోంది. ఆ హెచ్చరిక ఇంగ్లీషులో, హిందీలో ఉంటే చాలునట. తెలుగు మాత్రమే చదవగలిగిన తల్లికి అది ఎలా తెలుస్తుంది? దీనిపై మీరు కేంద్రానికి రాయాలని కోరుతున్నాను.

మీ చేతిలోనే ఉన్న పని మరొకటి ఉంది. పిల్లల ఓపీ చీటీ మీద, తల్లీబిడ్డల సంరక్షణ కార్డులో ఇతర మందుల కోసం ఒక గడి పెట్టించండి. "పసరుగానీ, భస్మంగానీ, హోమియో గోలీలుగానీ ఇంకేమన్నా ఇస్తున్నరా అమ్మా?" అని కోపం లేకుండా అడగడం డాక్టర్లకు, ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు శిక్షణలోనే నేర్పించండి. ఓపీలో ఎంత రద్దీ ఉంటుందో గంటల తరబడి వరుసలో నిలబడిన తల్లిగా నాకు తెలుసు, అయినా ఈ ప్రశ్నకు నిమిషం కూడా పట్టదు. నిలోఫర్ ఆస్పత్రిలో ముందుగా మొదలుపెట్టించినా చాలు. అలా అడిగితే సంచిలో దాచిన సీసా తీసి చూపించే తల్లులు చాలామంది ఉన్నారు.

భవదీయురాలు,
ఒక తల్లి