మా అమ్మాయి రెండో డోస్ తప్పనివ్వని వాళ్లకి

మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ వాళ్లందరికీ, ముఖ్యంగా ఎదురింటి వదినగారికీ, మూడో అంతస్తు బాబాయిగారికీ చాలా చాలా థ్యాంక్స్. ఆసుపత్రి నుంచి వచ్చి నాలుగు రోజులైంది, కూర్చుని రాసే ఓపిక ఇవాళే వచ్చింది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, డాలస్‌లో ఎమ్మెస్ చదువుతున్న మా అమ్మాయికి నార్కోలెప్సీ ఉంది. ఇంటర్‌లో పుస్తకం మీదే నిద్రపోతుంటే బద్ధకం అనుకుని తిట్టాను, ఆ తిట్లు గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. గట్టిగా నవ్వితే మోకాళ్లు పట్టు తప్పి కూలబడేది. అదీ ఈ జబ్బేనని, మెదడులో మెలకువని నిలబెట్టే ఒరెక్సిన్ తయారుచేసే కణాలు పోవడం వల్లేనని అక్కడికి వెళ్లాకే తేలింది. పగలు నిద్ర ఆగదు, రాత్రి నిద్ర నిలవదు.

ఇప్పుడు తను వాడేది సోడియం ఆక్సిబేట్. అమెరికాలో 2002 నుంచి ఉన్న మందే, నీళ్లలో కలిపి రాత్రి రెండుసార్లు తాగాలి. పడుకునే ముందే రెండు డోసులూ కలిపి పక్కన పెట్టుకుని, మంచం మీద కూర్చుని మొదటిది తాగితే నిమిషాల్లో నిద్ర ముంచేస్తుంది. రెండున్నర గంటల నుంచి నాలుగు గంటల లోపు లేచి రెండోది తాగాలి. తప్పిపోతే తెల్లవారుజామునే మెలకువ వచ్చేసి ఆ రోజు క్లాసులన్నీ పోతాయి. అలారం మోగితే నిద్రలోనే ఆపేస్తుంది, మనిషి గొంతు వింటే లేస్తుంది. లేపే రూమ్మేట్ ఆగస్టులో ఇల్లు మారిపోయింది. అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకి, అంటే వాళ్లకి రాత్రి రెండింటికి, నేనే ఫోన్ చేసి తాగేదాకా లైన్లో ఉండేదాన్ని.

అక్టోబర్ చివర్లో నాకు గర్భసంచి ఆపరేషన్ అయింది. మూడు రోజుల్లో వచ్చేస్తాననుకుంటే జ్వరం పట్టుకుని పన్నెండు రోజులు అక్కడే ఉండిపోయాను. ఆ పన్నెండు రోజులూ వదినగారు అన్నం ముందు నుంచి లేచి మరీ ఫోన్ చేశారు. అమ్మాయి ఖాళీ కప్పు వీడియోలో చూపించేదాకా పెట్టేసేవారు కాదట.

బాబాయిగారి మేలు ఇంకోటి. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారం గంట వెనక్కి వెళ్తుంది, ఆ సంగతే నా బుర్రలో లేదు. తను రాత్రి పదకొండింటికి పడుకుంటుంది కదా, మనం ఎప్పటిలాగే పన్నెండున్నరకి లేపితే మొదటిది తాగిన రెండు గంటలకే రెండో డోస్ పడేది, అలా మందు మీద మందు పడటం ప్రమాదం. ఆయన కాగితం మీద లెక్కేసి, ఆ ఆదివారం మాత్రం తను పడుకున్నాకే గడియారం మారుతుంది కాబట్టి పన్నెండున్నరకే, సోమవారం నుంచి ఒంటిగంటన్నరకి అని రాసి వదినగారి ఫ్రిజ్ మీద అంటించారట. ఆసుపత్రి మంచం మీద ఆ మాట విన్నాక నాకు ఏడుపు ఆగలేదు.

ఒక్క డోస్ కూడా తప్పలేదు. మిడ్‌టర్మ్ పరీక్ష మూడు గంటలూ మెలకువగా కూర్చుని రాశానని అమ్మాయి చెప్పింది.

రేపట్నుంచి ఫోన్ నేనే చేస్తాను. బుధవారం మాత్రం ఆ టైముకి నాకు చెకప్ ఉంది, ఆ ఒక్కరోజూ మీరే లేపండి వదినగారూ.