మామయ్య మాత్రలు ఎందుకు తగ్గించకూడదు

చిరంజీవి అమ్మాయికి అమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోనులో నువ్వు అడిగిన దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం ఇష్టం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను. మామయ్యకు గుండె మార్పిడి జరిగి మూడేళ్లు దాటింది, మెట్లెక్కుతున్నాడు, బడికి వెళ్లి పాఠాలు చెబుతున్నాడు, ఈపాటికి ఒంటికి ఆ గుండె అలవాటై ఉంటుంది గదా, ఇన్ని మాత్రలు ఇంకా దేనికి అన్నావు. మామయ్య కూడా అదే మాట అంటున్నాడని అత్తయ్య చెప్పింది. నువ్వు ఆ ఊళ్లోనే ఉన్నావు కనుక ఇది చదివి అతనికీ వినిపించు.

ఒంటికి ఆ గుండె అలవాటు కాలేదు. మన కణాల పైన హెచ్‌ఎల్‌ఏ అనే ప్రోటీన్లు ఉంటాయి, అవి మనిషికీ మనిషికీ మారుతుంటాయి, ఏది తనది, ఏది పరాయిది అని ఒళ్లు వాటిని చూసే పోల్చుకుంటుంది. మూత్రపిండమైతే రక్తసంబంధీకుల్లో సరిపోయేవారిని వెతుక్కునే వ్యవధి ఉంటుంది. గుండెను దాత నుంచి తీశాక సుమారు నాలుగు గంటల్లో కుట్టాలి కనుక రక్తం గ్రూపు, గుండె పరిమాణం, దాత కణాలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు ముందే ఉన్నాయా లేదా అన్నవి చూసుకుని ముందుకు వెళతారు. హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కలవడం దాదాపు జరగని పని. పైగా ఆ గుండెతోపాటు దాత డెండ్రైటిక్ కణాలు (రోగనిరోధక వ్యవస్థలో కాపలా కణాలు) కొన్ని లోపలికి వచ్చి, లింఫు గ్రంథులకూ ప్లీహానికీ చేరి, అక్కడున్న టి కణాలకు, అంటే పరాయివాటిపై దాడిచేసే తెల్ల రక్తకణాలకు, తమ ప్రోటీన్లను చూపిస్తాయి. ఒక వైరస్‌ను గుర్తుపట్టగల టి కణాలు మామూలుగా లక్షకు ఒకటో, అంతకన్నా తక్కువో ఉంటే, పరాయి హెచ్‌ఎల్‌ఏను చూసి కదిలేవి నూటికి ఒకటి నుంచి పది వరకూ ఉంటాయి. మామూలు జబ్బులకు ఇంత సైన్యం ఒక్కసారిగా లేవదు.

ఆ సైన్యం కొత్త గుండె మీద చేసే దాడినే రిజెక్షన్ అంటాం. అది ఎలా ఉంటుందో నేను రోజూ మైక్రోస్కోపులో చూస్తాను. మెడలోని సిర గుండా బయాప్టోమ్ అనే సన్నని పట్టుకారును గుండె కుడి జఠరికలోకి (కింది గదిలోకి) పంపి, ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్కలు కొన్ని తెచ్చి మా ల్యాబుకు పంపుతారు. రంగు వేశాక ఆరోగ్యంగా ఉన్న గుండె కండరం గులాబీ రంగు పోగుల్లా వరుసగా కనిపిస్తుంది, మధ్యలో అక్కడక్కడా ఒక నీలి చుక్క. రిజెక్షన్ మొదలైతే చిన్నచిన్న ముదురు నీలి కణాలు ముందు ఒక రక్తనాళం చుట్టూ గుమిగూడి, తరువాత పోగుల మధ్యకు దూరి, చివరకు ఆ పోగుల అంచులనే కొరికేస్తాయి. వాటిలో ఎక్కువ భాగం టి కణాలు, వాటి వెంట మాక్రోఫేజులనే మింగుడు కణాలు. పోగులు దెబ్బతిన్న చోట్లు ఒకటికి మించి కనిపిస్తే 2ఆర్, అంటే మధ్యస్థాయి రిజెక్షన్, అని రాసి పంపుతాను. అలాంటి రిపోర్టు వచ్చిన రోజున కూడా రోగి హాయిగా నడిచి వచ్చి కూర్చుని ఉండవచ్చు. అందుకే, మామయ్య మెట్లెక్కుతున్నాడన్న నీ సాక్ష్యం నాకు చాలదు. ఇది కాక, బి కణాలు తయారుచేసే యాంటీబాడీలు రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీసే రిజెక్షన్ వేరే ఉంది. ఏళ్ల తరబడి సాగి, గుండెకే రక్తం అందించే కరోనరీ నాళాలను సన్నబరిచే జబ్బు మరొకటి. మార్పిడిలో నాడులు తెగిపోతాయి కనుక అప్పుడు చాలామందికి ఛాతీనొప్పి కూడా రాదు.

1967 డిసెంబరులో కేప్‌టౌన్‌లో బర్నార్డ్ అనే సర్జన్ మనిషి గుండెను మనిషికి అమర్చే మొదటి మార్పిడి చేశాడు. ఆ రోగి 18 రోజులకు న్యుమోనియాతో పోయాడు, గుండె మాత్రం చివరి దాకా బాగానే కొట్టుకుంది. రిజెక్షన్‌ను ఆపడానికి రోగనిరోధక శక్తి మొత్తాన్నీ అణచితే జరిగేది అదే. 1980లలో సైక్లోస్పోరిన్ అనే మందు వాడకంలోకి వచ్చాకే ఈ శస్త్రచికిత్స నిలదొక్కుకుంది. మన దేశంలో 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో మొదటి విజయం సాధించిన వేణుగోపాల్ గారు మన రాజమండ్రిలో పుట్టినవారే. మామయ్య వేసుకునే టాక్రోలిమస్ కూడా సైక్లోస్పోరిన్ దారిలోనే పనిచేస్తుంది: టి కణం లోపల కాల్సిన్యూరిన్ అనే ఎంజైమును ఆపి, ఐఎల్-2 అనే సంకేత ప్రోటీన్ తయారు కాకుండా చేస్తుంది. ఆ సంకేతం అందకపోతే దాడిచేసే టి కణాలు గుంపుగా పెరగలేవు.

నువ్వు తెలుసుకోవలసిన అసలు మెలిక ఇక్కడే ఉంది. దాడిని ఆపమని చెప్పే కణాలు కూడా టి కణాలలోనే ఉన్నాయి. వాటిని 1995లో గుర్తించిన జపాన్ శాస్త్రవేత్త సకగుచికి 2025లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చారు. ఈ రెగ్యులేటరీ టి కణాలు ఐఎల్-2ను సొంతంగా దాదాపు తయారుచేసుకోలేవు, ఇతర టి కణాలు వదిలిన దాని మీదే బతుకుతాయి. అంటే టాక్రోలిమస్ దాడిచేసేవాటి నోరు కట్టేస్తూ, సర్దిచెప్పేవాటి కడుపు కూడా మాడుస్తోంది. ఈ మూడేళ్లలో మామయ్య ఒంట్లో ఏ రాజీ కుదరలేదు, ఉన్నది మాత్ర పనిచేసినంతసేపు కాల్పుల విరమణ మాత్రమే. రాజీ అసాధ్యమని నేను అనను. కాలేయ మార్పిడి చేయించుకున్నవారిలో కొందరికి, వైద్యుల కళ్ల ముందు, మందులు పూర్తిగా ఆపగలిగారు. రక్తం గ్రూపు కలవని గుండెను నెలల పసికందులకు టొరంటోలో అమర్చి చూస్తే, వాళ్లలో చాలామంది ఆ గ్రూపుకు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేయకుండానే పెరిగారు. అయినా వాళ్లూ టి కణాలను అణచే మందులు వేసుకుంటూనే ఉన్నారు. పెద్దవాళ్ల గుండె విషయంలో మందులు ఆపి చూసే ధైర్యం ఎవరికీ లేదు, మూత్రపిండం పోతే డయాలసిస్ ఉన్నట్టు దీనికి అంత తేలికైన ఆసరా లేదు కనుక.

కాబట్టి టాక్రోలిమస్ పన్నెండు గంటల తేడాతో, గడియారం చూసి వేసుకోమను. రక్తంలో మందు స్థాయి చూసే రోజున పొద్దుటి మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. పంపర పనస ఇంటికి తేవద్దని అత్తయ్యకు చెప్పు, అది పేగుల్లో ఈ మందును విరిచే ఎంజైమును అడ్డుకుని స్థాయిని పెంచవచ్చు, పెరిగితే చేతులు వణకడం, మూత్రపిండాలు దెబ్బతినడం మొదలవుతాయి. ఫంగస్ మాత్రలు గానీ యాంటీబయాటిక్‌లు గానీ ఎవరు రాసిచ్చినా, ముందు మార్పిడి చేసిన డాక్టరు గారికి ఫోను చేసి అడగాలి. మాత్రల సంఖ్య తగ్గించమని ఆయననే నేరుగా అడగమను. తగ్గించదగినవి ఉంటే ఆయనే బయాప్సీ, రక్తపరీక్షలు చూసి ఒక్కొక్కటిగా తగ్గిస్తారు.

ఇట్లు,
మీ అమ్మ