ఇంటి కుక్కకు కు.ని. ఆపరేషన్ ఎక్కడ చేయించాలి? పశుసంవర్ధక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పశుసంవర్ధక శాఖ మంత్రిగారికి నమస్కారములు.

అయ్యా,

మా పట్టణంలోని పశువుల ఆసుపత్రిలో పెంపుడు కుక్కలకు, పిల్లులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగే ఏర్పాటు చేయవలసిందిగా మా వీధి వాళ్లమంతా సంతకాలు చేసి ఇచ్చిన అర్జీకి గాని, ఆ తరువాత కలెక్టరేట్‌లో సోమవారం నాటి ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చిన అర్జీకి గాని, ‘సంబంధిత శాఖకు పంపడమైనది’ అన్న ఒక్క వాక్యం తప్ప మరో జవాబు రాలేదు. ఆ సంబంధిత శాఖ ఏదో మాకు నేటికీ తేలలేదు. మున్సిపాలిటీకి వెళితే, తాము చూసేది వీధి కుక్కలను మాత్రమేనని, యజమాని ఉన్న కుక్క పశుసంవర్ధక శాఖ పరిధిలోకి వస్తుందని అంటారు. పశువుల ఆసుపత్రికి వెళితే, కుక్కల సంతాన నియంత్రణ మున్సిపాలిటీ పథకమని, తమకు అందుకోసం మందులు గాని మనుషులను గాని ఇవ్వలేదని అంటారు. ఇద్దరూ మర్యాదగానే చెబుతారు. కాగితాల ప్రకారం ఇద్దరి మాటా నిజమే కావచ్చు. కానీ రేపో మాపో ఎదకు రాబోయే ఆడకుక్కను గొలుసు పట్టుకుని ఆ రెండు గుమ్మాల మధ్య తిరుగుతున్నది మేము. అర్జీలతో పని కాలేదు కనుకనే ఈ లేఖను బహిరంగంగా రాయవలసి వచ్చింది.

2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు మీకు తెలియనివి కావు. వీధి కుక్కలకు నట్టల మందు, టీకా, ఆపరేషన్ స్థానిక సంస్థ బాధ్యత అని, పెంపుడు జంతువులకు ఆ మూడూ యజమాని బాధ్యత అని అవి చెబుతున్నాయి. బాధ్యత మాది అనడంలో మాకు అభ్యంతరం లేదు, దానిని తప్పించుకునే ఉద్దేశమూ లేదు. నట్టల మందు మందుల షాపులో దొరుకుతుంది. రేబిస్ టీకాను ఏటా జూలై 6న, జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధులపై జరిపే జూనోసిస్ దినోత్సవం నాడు మీ శాఖ వారే ఉచితంగా వేస్తున్నారు, అందుకు మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మూడోదానికే దారి లేదు. మాకు దగ్గరలో ఆ ఆపరేషన్ చేసే ప్రైవేటు క్లినిక్ జిల్లా కేంద్రంలో ఉంది. కుక్కను బస్సెక్కనివ్వరు. రానూ పోనూ ఆటో మాట్లాడుకోవాలి, ఆపరేషన్‌కు, మందులకు డబ్బు కట్టాలి, పది పన్నెండు రోజుల తరువాత కుట్లు విప్పించడానికి మళ్లీ ఆటో కట్టించుకుని వెళ్లాలి. ఇస్త్రీ బండి మీద బతికే కుటుంబం, రొయ్యల షెడ్డులో దినకూలీకి వెళ్లే ఇల్లాలు ఆ ఖర్చు ఎలా భరించగలరో మీరే ఆలోచించండి. కుక్క వద్దనుకుంటే పోయేది కదా అని ఒక అధికారి అన్నారు. రాత్రిపూట ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు, తలుపుకు సరైన గొళ్లెం కూడా లేని ఇళ్లకు కుక్క ఎందుకు అవసరమో ఆయనకు తెలియకపోవచ్చు, మీకు తెలుసు.

అయ్యా, ఈ ఆపరేషన్‌కు ఒక అదను ఉంది. మా ఫిర్యాదు అంతా ఆ అదను గురించే. మా ఇళ్లల్లో ఉండేవి ఎక్కువగా నాటు కుక్కలు. ఆరు నెలలు దాటిన దగ్గర నుంచి అవి ఎప్పుడైనా మొదటిసారి ఎదకు రావచ్చు. ఆ మొదటి ఎదకు ముందే, సుమారు ఆరో నెలలో, ఆపరేషన్ చేయించడం మంచిదని డాక్టర్లు చెబుతారు. ఈ ఆపరేషన్‌లో తీసేసే గర్భసంచికి వెళ్లే రక్తనాళాలు ఎదలో ఉండగా ఉబ్బి ఉంటాయి కనుక, రక్తం ఎక్కువగా పోయే ప్రమాదం ఉందని అప్పుడు చేయరు, మరో రెండు మూడు నెలలు ఆగమంటారు. ఎద మూడు వారాల దాకా ఉంటుంది. ఆ మూడు వారాలలో ఒక్క పూట గొలుసు జారినా, గోడ దూకి మరో కుక్క వచ్చినా, ఇంచుమించు 63 రోజులకు ఈనుతుంది, పిల్లలు పాలు మానడానికి మరో రెండు నెలలు పడుతుంది. అంటే ‘మత్తుమందు రాలేదు, తరువాత రండి’ అని ఆసుపత్రి గుమ్మంలో ఒక్కసారి తిప్పి పంపితే, ఆ కుక్క మళ్లీ ఆపరేషన్ బల్ల మీదికి రావడానికి అర ఏడాది పడుతుంది, ఈలోగా ఐదారు పిల్లలు భూమి మీద పడి ఉంటాయి. పింఛను ఒక నెల అందకపోతే మరుసటి నెల రెండూ కలిపి ఇవ్వవచ్చు, కుక్క ఎదను అలా సర్దలేము.

ఈ లెక్క మీ శాఖకు కొత్త కాదు. గేదె ఎదకు వచ్చిందని తెల్లవారుజామున పాలేరు చెబితే, కృత్రిమ గర్భధారణ సూది ఎన్ని గంటలకు వేయించాలో, చూలు కట్టకపోతే మళ్లీ ఎన్ని రోజులకు ఎదకు వస్తుందో మీ సిబ్బంది వేళ్ల మీద చెబుతారు. చూలు కట్టించడానికి అంత నిక్కచ్చిగా కాలం చూసే శాఖ, చూలు వద్దనుకున్న జీవానికి కూడా కాలం చూడలేదా?

మా ఆసుపత్రిలో నేను చూసింది చెబుతాను. అక్కడ గేదెలను నిలబెట్టి కట్టే ఇనుప చట్రం ఉంది, దాని పక్కన సిమెంటు గట్టు ఉంది. కుక్కను పడుకోబెట్టడానికి బల్ల లేదు. మా కుక్కను ఆ గట్టు మీదే పరుపు గుడ్డ వేసి పరీక్ష చేశారు. డాక్టరుగారికి పక్క మండలం కూడా అదనపు బాధ్యత. గాలికుంటు టీకాల కార్యక్రమం మొదలైతే ఆయన ఊళ్ల వెంట ఉంటారు. కెటమిన్ వంటి మత్తుమందు, మందుల నియమాల్లో కఠిన నియంత్రణ ఉన్న షెడ్యూల్ ఎక్స్ జాబితా కింద ఉన్నది కనుక నిల్వకు, లెక్కలకు కట్టుదిట్టం ఉండాలని, అది తమకు సరఫరా కాలేదని ఆయన చెప్పారు. ‘ఈ ఆపరేషన్ నాకు రానిది కాదండీ, చేసే వీలు లేదు’ అన్న మాట ఆయన నోట వచ్చినప్పుడు ఆయన మీద నాకు కోపం రాలేదు. టీకాల కార్యక్రమం అయ్యాక రమ్మన్నారు. అది అయ్యేసరికి మా కుక్క ఎదకు వచ్చింది. మా గేటు ముందు వీధి కుక్కల కాట్లాట, బడి పిల్లలు మరో సందులోంచి చుట్టు తిరిగి వెళ్లడం, రాత్రంతా అరుపులకు ఇరుగుపొరుగు తిట్టుకోవడం అన్నీ జరిగాయి. చివరికి ఎద పోయి, చెప్పిన గడువు గడిచాక జిల్లా కేంద్రానికి తీసుకువెళ్లి చేయించాము. మాకు ఆ స్తోమత ఉంది కనుక సరిపోయింది. మా వెనుక వీధిలో ఆ స్తోమత లేని మూడిళ్లలో కుక్కలు ఆ సీజనులోనే ఈనాయి.

ఆ పిల్లలు ఏమయ్యాయో కూడా మీరు వినాలి. కుక్కపిల్లను తీసుకుందామని వచ్చే ప్రతివారూ ముందు అడిగేది ‘మగదేనా?’ అని. మగపిల్లలు కళ్లు తెరిచిన నెలకే ఇళ్లకు చేరిపోతాయి. మిగిలిన ఆడపిల్లలను రాత్రిపూట అట్టపెట్టెలో పెట్టి రైతు బజారు వెనుకనో, చేపల మార్కెట్ దగ్గరో, బైపాస్ రోడ్డు పక్కనో వదిలేస్తారు. వదిలేవారు కసాయివాళ్లు కారు. ఒక కుక్కకు అన్నం పెట్టగలరు, ఆరింటికి పెట్టలేరు. ఆ అట్టపెట్టెలోనివి చాలావరకు లారీల కింద పడో, పార్వో వ్యాధితో రక్త విరేచనాలై మూడు నాలుగు రోజులు బాధపడో పోతాయి. బతికిన ఒకటి రెండు ఆడకుక్కలు ఏడాది తిరగకుండా ఆ మార్కెట్ మెట్ల కిందే ఈనుతాయి. అప్పుడు అవి వీధి కుక్కలై మున్సిపాలిటీ లెక్కలోకి వస్తాయి, పట్టుకోవడానికి వలలు వస్తాయి, కరిచాయని పత్రికల్లో వార్తలు వస్తాయి. ఆడకుక్కకు ఆరో నెలలో ఊళ్లోనే ఆపరేషన్ దొరుకుతుందని తెలిస్తే, ఆ పెట్టెలోని పిల్లను తీసుకునే ఇల్లు కూడా ఉంటుందని నా గట్టి నమ్మకం. మనుషులు భయపడేది ఆడకుక్కకు కాదు, అది ఈనే ఈతలకు.

వీధి కుక్కల విషయమై సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న, నవంబరు 7న ఇచ్చిన ఉత్తర్వుల తరువాత అధికారులందరి చూపూ బడుల, ఆసుపత్రుల, బస్టాండ్ల ఆవరణల మీద ఉంది. ఉండవలసిందే. అయితే ఇంటి గుమ్మంలో పుట్టి వీధిలోకి చేరుతున్న పిల్లల సంగతి ఏ ఉత్తర్వు అమలులోనూ మాకు కనిపించడం లేదు. వీధిలో ఒకదానికి ఆపరేషన్ చేసి వదిలేలోగా మరో వీధిలోని ఇంటి నుంచి పెట్టెలో ఐదు వస్తుంటే ఆ ఖర్చంతా ఎటు పోతున్నట్టు?

సంతానం మాట అలా ఉంచి, ఆపరేషన్ లేక జీవాలు పడే బాధ మరొకటి ఉంది. మా వీధి దర్జీ ఇంట్లో తొమ్మిదేళ్ల ఆడకుక్క ఉండేది. ఎద పోయిన నెలన్నరకు అది అన్నం మానేసి, నీళ్ల తొట్టి దగ్గరే పడుకుని, తాగిందే తాగుతూ ఉండేది. పొట్ట ఉబ్బింది. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ పోశారు. తోక కింద చీము కనిపించాక గాని గర్భసంచి చీము పట్టిందని తెలియలేదు. పయోమెట్రా అని డాక్టర్లు చెప్పే ఈ జబ్బుకు మంచి మందు గర్భసంచి తీసివేయడమే. ఆరో నెలలో చిన్న కోతతో పోయే పని, అప్పటికి ప్రాణం మీదికి వచ్చిన ఆపరేషన్ అవుతుంది. జిల్లా కేంద్రానికి బయలుదేరిన ఆటోలోనే ఆ కుక్క పోయింది. స్వీడన్‌లో బీమా ఉన్న కుక్కల లెక్కలు తీస్తే, ఆపరేషన్ జరగని ఆడకుక్కల్లో పదేళ్లు నిండేలోగా దాదాపు నాలుగింట ఒకదానికి ఈ జబ్బు వచ్చిందని తేలింది. మొదటి ఎదకు ముందే చేయిస్తే రొమ్ము గడ్డల ముప్పు బాగా తగ్గుతుందని 1969లో అమెరికాలో వచ్చిన అధ్యయనం చెప్పింది. ఆ అంకెలు అంత గట్టివి కావని తరువాతి సమీక్షకులు అన్నప్పటికీ, తొందరగా చేయించడం మంచిదనే డాక్టర్లే ఎక్కువ. కలయిక ద్వారా ఒక కుక్క నుంచి మరో కుక్కకు అంటుకునే జననాంగ క్యాన్సర్ గడ్డలు మన వీధి కుక్కల్లో ఎంత మామూలో మీ డాక్టర్లను అడిగితే చెబుతారు. ఎద వాసనకు గోడలు దూకి పోయే ఇంటి మగకుక్కలు వాటిని తగిలించుకుని వస్తున్నాయి. మగవాటికి వృషణాలు తీసేస్తే ఆ తిరుగుడు చాలావరకు తగ్గుతుంది, కాపలా బుద్ధి మాత్రం పోదు.

అన్ని కుక్కలకూ ఒకే వయసు అని నేను అనడం లేదు. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద జాతులకు ఏడాది నిండకుండా చేయిస్తే కీళ్ల జబ్బులు పెరుగుతున్నాయని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి డేవిస్ పశువైద్య కళాశాల 2013 నుంచి వరుసగా చెబుతూ వస్తోంది. అటువంటి వాటికి ఎదుగుదల పూర్తయ్యేదాకా ఆగాలి. పిల్లులకైతే ఐదో నెల దాటకుండా చేయించాలి, నాలుగైదు నెలలకే చూలు కట్టేవి ఉన్నాయి, పాలిస్తూనే మళ్లీ ఎదకు వచ్చేవీ ఉన్నాయి. ఆపరేషన్ తరువాత ఒళ్లు చేయకుండా తిండి కాస్త తగ్గించాలి, కొన్ని ఆడకుక్కల్లో పెద్దయ్యాక మూత్రం ఆగకపోవడం కనిపించవచ్చు. ఇవన్నీ ఎవరి కుక్కకు ఏది వర్తిస్తుందో చూసి చెప్పవలసిన మాటలు. చెప్పేవారు లేక మా ఊళ్లో ‘ఒక్క ఈత ఈనితేనే ఆరోగ్యం’ అన్న మాటే చెలామణీ అవుతోంది. దానికి ఏ ఆధారమూ లేదు. అయినా ఆ మాట ఆసుపత్రి ఆవరణలోనే నా చెవిన పడింది.

మేము కోరేది పెద్దది కాదు. పట్టణ స్థాయి పశువైద్యశాలల్లో వారానికి ఒక రోజైనా ఇంటి కుక్కలకు, పిల్లులకు ఈ ఆపరేషన్ కోసం కేటాయించండి. ఆ రోజు డాక్టరుగారిని వేరే మండలానికి పంపకండి. మత్తుమందు, ఒక బల్ల, ఒక లైటు, శుభ్రమైన గది ఇప్పించండి. ఉచితంగా కానక్కరలేదు, మనిషి ఓపికను బట్టి రుసుము పెట్టండి, రేషన్ కార్డు ఉన్నవారికి మాత్రం మినహాయించండి. జూలై 6న టీకాకు వచ్చిన ప్రతి కుక్క వయసు, యజమాని ఫోను నంబరు మీ రిజిస్టరులో ఉంటాయి కదా, ఆరో నెల దగ్గర పడిన ఆడకుక్క యజమానికి ఒక్క ఫోను చేయించండి, చాలు. అన్నిటికంటే ముందు, ఇంటి కుక్క ఏ శాఖదో రాతపూర్వకంగా తేల్చండి. మున్సిపాలిటీది అని తేల్చినా మాకు సమ్మతమే, అక్కడికే వెళ్తాము. ఎవరిదో ఒకరిది కావాలి. అడిగిందే అడుగుతున్నానని విసుక్కోకండి, ఇన్నాళ్లూ జవాబు రాలేదు కనుక మళ్లీ అడుగుతున్నాను.

మా వెనుక వీధిలో క్రితంసారి ఈనిన మూడు కుక్కలకూ పిల్లలు పాలు మానేశాయి. డాక్టర్లు చెప్పే లెక్క ప్రకారం వాటికి ఆపరేషన్ చేయదగిన కాలం ఇదే. మళ్లీ ఎదకు రావడానికి ఎక్కువ వ్యవధి లేదు. వాటి యజమానులు మా అర్జీలో సంతకం చేసినవారే. వాటినైనా ఎక్కడికి, ఏ రోజు తీసుకురావాలో మా పట్టణ పశువైద్యశాల ద్వారా తెలియజేయించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక పెంపుడు కుక్క యజమాని,
మరియు అర్జీపై సంతకాలు చేసిన మా వీధి నివాసులు