వృత్తి అన్వేషణ ఆట: పాత్రల రూపకల్పన గురించి

సభ్యులందరికీ నమస్కారం. ఆటగాడు వేర్వేరు వృత్తుల పాత్రలు వేసి చూసే మన ఆటలో, ఎదుటి పాత్రల సంభాషణను మాత్రమే భాషా నమూనాకు (మనిషిలా మాటలు రాసే కృత్రిమ మేధకు) అప్పగించి, గడిచిన సమయం, ఆటగాడి నిర్ణయాలు, వాటి ఫలితాలు వంటివన్నీ మన ప్రోగ్రామే భద్రపరచాలని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే సంభాషణ పొడవైన కొద్దీ నమూనా ముందు చెప్పినదాన్ని మరచి, లేనిదాన్ని నమ్మకంగా కల్పించే ప్రమాదం ఉంది.

వృత్తుల వివరాలను అమెరికా కార్మిక శాఖ ఉచితంగా అందించే, 900కు పైగా వృత్తుల పనులు, నైపుణ్యాలు నమోదైన ఓ-నెట్ డేటాబేస్ నుంచి తీసుకోవచ్చు. అర్హతలు, జీతాలు మాత్రం దేశాన్ని బట్టి మారతాయి కనుక విడిగా సరిచూడాలి. వ్యక్తుల స్వభావాన్ని, వృత్తులను జతపరిచేందుకు అమెరికా మనస్తత్వవేత్త జాన్ హాలండ్ 1959లో ప్రతిపాదించిన ఆరు రకాల వర్గీకరణ ఆటగాడికి మొదటి పాత్రను సూచించడానికి ఉపయోగపడుతుంది, అతనికి ఏ వృత్తి తగునో తీర్పు చెప్పడానికి కాదు.

ఆటగాడికి వృత్తిలోని కష్టం కూడా తెలియాలి కనుక, నర్సు పాత్రలో రాత్రి డ్యూటీనీ, రికార్డులు రాసే శ్రమనూ దయచేసి తొలగించవద్దు.