ప్లాటినం లవణాలతో ఆయాసం

సంపాదకులకు,

బండ్ల పొగ శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లో ప్లాటినం ఉంటుంది. ఆ లోహంతో పెద్దగా భయం లేదు. ప్రమాదమంతా దాని క్లోరిన్ లవణాలతోనే. పాత కన్వర్టర్ల నుంచి ప్లాటినం తీయడానికి హైడ్రోక్లోరిక్, నైట్రిక్ ఆమ్లాల మిశ్రమంలో కరిగిస్తే తయారయ్యేది అలాంటి క్లోరోప్లాటినిక్ ఆమ్లమే. ఈ లవణాల తుంపర, పొడి పీల్చిన కొందరికి నెలల తర్వాత తుమ్ములు, కళ్ల మంట, దద్దుర్లు, చివరికి ఉబ్బసం వస్తాయి. పొగతాగేవారికి ముప్పు మరీ ఎక్కువ. ఆయాసం ఒక్కోసారి డ్యూటీ దిగాక, రాత్రిపూట వస్తుంది కాబట్టి పనికీ దానికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

అంబత్తూరు, శ్రీపెరుంబుదూరు వైపు వాహన విడిభాగాల పనుల్లో నెల్లూరు, చిత్తూరు నుంచి వచ్చిన మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఉబ్బసమంటే చెన్నై గాలి పడలేదని సరిపెట్టుకుంటారు. డాక్టర్లూ ఇన్‌హేలర్ రాసి పంపేస్తారు తప్ప ఏం పని చేస్తావని అడిగేవారు తక్కువ.

అమెరికాలో కరిగే ప్లాటినం లవణాలకు పరిమితి ఘనపు మీటరు గాలిలో 0.002 మిల్లీగ్రాములు. గుడ్డ మాస్కు ఇచ్చి చేతులు దులుపుకుంటే సరిపోదు. ఈ లవణాలు వాడే ప్రతిచోటా మూసిన యంత్రాలు, గాలి కొలతలు, ఈ లవణాల అలర్జీని పట్టిచ్చే చర్మ పరీక్ష ఏటా ఉండాలి. పరీక్షలో అలర్జీ ఉందని తేలినవారిని జీతం తగ్గించకుండా వేరే విభాగానికి మార్చాలి. లేకపోతే జబ్బు సంగతి ఎవరు బయటపెడతారు? హెచ్చరిక బోర్డులు తమిళంతో పాటు తెలుగులో, హిందీలో కూడా పెట్టించాలని ఫ్యాక్టరీల తనిఖీ అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, అంబత్తూరు, చెన్నై