ఐలాండ్ ట్రిప్పులకు ఇక బ్లేజర్ ఆర్డర్లు తీసుకోం

మన షాపుకొచ్చే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నమస్తే.

పెళ్లిళ్ల సీజన్ దగ్గర పడేసరికి నల్లగొండలో మళ్లీ అదే మాట మొదలైంది. "అన్నా, మాల్దీవ్స్ పోతున్నం. ఆడ హోటల్ల డ్రెస్ కోడ్ ఉంటదట, ఒక బ్లేజర్ కుట్టియ్యి." కొత్త జంటలే కాదు, అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లి అక్కడి నుంచి హవాయి తిరిగిరావాలనుకునే అమ్మానాన్నలు కూడా అడుగుతున్నారు. అందుకే సూటిగా చెప్తున్నాను. ఈ సీజన్ నుంచి దీవుల ట్రిప్పు కోసమని బ్లేజర్ గానీ సూటు గానీ ఆర్డర్ ఇస్తే తీసుకోం. కోటు తప్పనిసరి అని హోటలువాళ్లు పంపిన మెసేజ్ చూపిస్తే కుడతాం. అలాంటి మెసేజ్ ఇంతవరకు ఒక్కరూ చూపించలేదు.

బ్లేజర్ మీద నాకు మిగిలేది ఎక్కువే, దాచడమెందుకు. కానీ ఏడాది తర్వాత అదే బ్లేజర్‌ను నడుము దగ్గర వదులు చేయమని పట్టుకొస్తారు. చూస్తే జేబుల మీద నేను వేసిన కచ్చాకుట్టు కూడా ఊడదీసి ఉండదు. అంటే దాన్ని పెట్టెలో మోసుకుపోయి, మోసుకొచ్చారన్నమాట. సీప్లేన్‌లో వెళ్లే దీవులకు లగేజీ తూచి ఎక్కిస్తారు, ఆ బరువులో ఇదొకటి.

అసలు అక్కడ వద్దనేది ఏమిటో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. మాల్దీవ్స్ రిసార్టుల్లో చాలాచోట్ల రెస్టారెంట్‌లో నేల ఇసుకే, ఉత్త కాళ్లతో వెళ్లి కూర్చుంటారు. వాళ్లు ఆపేది ఈత కొట్టిన తడి బట్టలతో వచ్చినవాళ్లను, చేతుల్లేని బనీను వేసుకున్నవాళ్లను. కాస్త ఖరీదైన రెస్టారెంట్లలో రాత్రిపూట మగవాళ్ల లాగులు, రబ్బరు స్లిప్పర్లు కూడా వద్దంటారు. మారిషస్‌లో కొంచెం గట్టిగా ఉంటారు. అక్కడి బీచ్ హోటళ్లలో చాలావాటిలో డిన్నర్‌కు మగవాళ్లు ఫుల్ ప్యాంటు వేసుకోవాలి, త్రీ ఫోర్త్ నడవదు. హవాయిలో కాలరున్న షర్టుకు ఎదురులేదు. పేరున్న కొన్ని చోట్ల మాత్రం ఫుల్ ప్యాంటు, బూట్లు అడుగుతారు. బాలిలో గుడికి వెళ్తే నడుముకు సారోంగ్ చుట్టి, పైన పట్టీ కట్టుకోవాల్సిందే, తిండి దగ్గర అంత పట్టింపు లేదు. అండమాన్‌లో హేవ్‌లాక్ దీవి ఉంది, 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు కదా, అక్కడ మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు.

మా కుర్రాళ్లు కొందరు మిలిటరీ మచ్చల కార్గో ప్యాంటు కావాలంటారు. ఇక్కడ వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అమెరికా నుంచి షిప్పులో కరీబియన్ దీవులు తిరిగేవాళ్లు మాత్రం అది ఇంట్లోనే పెట్టి వెళ్లండి. బార్బడోస్, జమైకాలో మామూలు మనుషులు ఆ డిజైన్ వేసుకోవడం చట్టప్రకారం నేరం. ఇక బెర్ముడాలోనైతే మగవాళ్లు మోకాళ్లపైకి లాగు, మోకాళ్లదాకా సాక్సు, పైన కోటూ టై వేసుకుని ఆఫీసుకే పోతారు. అక్కడ అదే మర్యాద. ఏ దీవి లెక్క దానిదే, అన్నిటికీ కలిపి ఒక కోటు కుట్టించుకుంటే సరిపోతుందని అనుకోవద్దు.

అయిదారు రోజుల ట్రిప్పుకు మగవాళ్లకు నేను చెప్పేది ఇంతే: లినెన్, కాటన్ కలిసిన ఫుల్ ప్యాంటు ఒకటి, కాలరున్న హాఫ్ హ్యాండ్ షర్టులు రెండు, మడమ దగ్గర పట్టీ ఉన్న తోలు చెప్పులు. పాలిస్టర్ వద్దు, సముద్రం గాలికి ఒంటికి అంటుకుంటుంది. లినెన్ ముడతలు పడుతుంది, పడనివ్వండి, అక్కడ అందరి ప్యాంటూ ముడతలే. నడుము వెనక వైపు రెండంగుళాలు ఎలాస్టిక్ వేస్తున్నాం. బఫే తిని వచ్చినవాళ్లు అడిగి చేయించుకున్నది అది.

ఈసారి కొత్తగా మొదలుపెట్టింది ఇక్కత్ షర్టు. హవాయి షర్టు బాగుందా లేదా అని చూడాలంటే నేను ముందు జేబు చూస్తాను. మంచి షర్టులో జేబు ఎక్కడుందో కనపడదు, ఒంటి మీది పువ్వు జేబు మీద అలాగే కొనసాగుతుంది. కింద అంచు తిన్నగా ఉంటుంది, టక్ చేయరు. కొబ్బరి చిప్ప గుండీలు ఉంటాయి. అదే పద్ధతిలో పుట్టపాక, కొయ్యలగూడెం కాటన్ ఇక్కత్‌తో కుడుతున్నాం. ఇక్కత్‌లో నూలుకు ముందే ముడులు కట్టి రంగులద్ది నేస్తారు కాబట్టి ప్రతి గడీ అంచూ కొంచెం చెదిరినట్టు ఉంటుంది, రెండు గడులు అచ్చం ఒకేలా రావు. గుండీ పట్టీ దగ్గర ఎడమా కుడీ కలపాలంటే టేపు పనిచేయదు, గుడ్డ పరిచి కంటితో చూసి కోయాలి. కటింగ్ నేనే చేస్తాను, కుర్రాళ్లకు ఇవ్వను. 44 అంగుళాల పన్నా గుడ్డలో మామూలు హాఫ్ హ్యాండ్ షర్టుకు రెండు మీటర్లు చాలు. ఇక్కత్‌కు రెండుంబావు పడుతుంది, ఒళ్లున్న మనిషైతే రెండున్నర. "గుడ్డ మిగుల్చుకున్నవా?" అని అడిగేవాళ్లకు ముక్కలు కవర్లో వేసి ఇస్తాం.

గుడ్డను రాత్రంతా నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కోస్తాం, లేకపోతే మొదటి ఉతుకుకే పొట్టి అవుతుంది. ఎరుపు, నలుపు రంగులు మొదట్లో కొంచెం పోతాయి, తెల్ల ప్యాంటుతో కలిపి బకెట్‌లో వేయకండి. ఆ షర్టుతో స్విమ్మింగ్ పూల్‌లో దిగొద్దు. క్లోరిన్ నీళ్లకు రంగు వెలిసిందని వెనక్కి తెస్తే నేను చేయగలిగింది లేదు.

ఆడవాళ్లకు డ్రెస్ కోడ్ అసలు సమస్యే కాదు, ఎంత పెద్ద రెస్టారెంటైనా చీరను చూసి ఎవరూ ఆపరు. సమస్య గాలితో. జార్జెట్ పైట నిలవదు. గద్వాల చీర అయితే ఒళ్లంతా కాటన్, అంచూ కొంగూ పట్టు. తేలికగా ఉంటుంది, కొంగు బరువుకు పైట కుదురుగా నిలుస్తుంది. నీళ్ల మీద కట్టిన చెక్క వంతెనల మీద హీల్స్ వేసుకోకండి, పలకల సందులో ఇరుక్కుంటాయి. జాకెట్‌కు లైనింగ్ పల్చటి మల్ గుడ్డ వేయమని చెప్పండి, ఆ ఉక్కకు అదే హాయి.

పంచె కట్టే పెద్దవాళ్లు మాత్రం బుకింగ్ చేసిన పిల్లలతో ముందే అడిగించండి. మన దేశంలోనే 2014లో చెన్నైలో ఒక క్లబ్బు పంచె కట్టుకొచ్చిన హైకోర్టు జడ్జిని లోపలికి రానివ్వలేదు. దాంతో తమిళనాడు ప్రభుత్వం చట్టమే తెచ్చింది. బయటి దేశంలో ఆ చట్టం పనికిరాదు. ఎందుకైనా మంచిది, ఒక ప్యాంటు పెట్టెలో ఉంచండి.

తక్కువ ప్యాకేజీలో మాల్దీవ్స్ వెళ్లేవాళ్లకు ఇంకో సంగతి. మీ రూము రిసార్టు దీవిలో ఉందా, జనం ఉండే ఊరి దీవిలో ఉందా కనుక్కోండి. ఊరి దీవిలో ఈత దుస్తులు వాళ్లు కేటాయించిన బీచ్‌లోనే వేసుకోవాలి, వీధిలో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. మందు దొరకదు, ఇక్కడి నుంచి తీసుకుపోనివ్వరు. రిసార్టు దీవిలో మందు ఉంటుంది కానీ ఒక దీవికి ఒకటే హోటల్, బయటికెళ్లి చవగ్గా తిందామంటే బయట సముద్రమే. నేను ట్రావెల్స్ వాడిని కాదు గానీ, మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే చూసుకోండి. 10 శాతం సర్వీస్ ఛార్జీ, దాని మీద 17 శాతం పన్ను. 100 డాలర్ల భోజనం 128 దాటుతుంది. 2025 జూలైకి ముందు పన్ను 16 శాతమే ఉండేది. బ్లేజర్ డబ్బులు అక్కడ పనికొస్తాయి.

మా రేట్లు: షర్టు కుట్టుకూలి 450, ప్యాంటు 600, ఇక్కత్ షర్టుకు మాత్రం 650. బేరం ఆడొద్దు, ఒక ఇక్కత్ షర్టు కోసే సమయంలో మామూలువి మూడు కోస్తాను. ట్రిప్పు ఆర్డర్‌కు కనీసం పదిహేను రోజుల ముందు రండి, ట్రయల్ చూసుకోకుండా డెలివరీ ఇవ్వం. "రేపు ఫ్లైటు" అని వచ్చేవాళ్లకు ప్యాంటు కింద మడత కుట్టి ఇవ్వగలం, అంతే. ఈత బట్టలు మేం కుట్టం, అవి రెడీమేడ్ షాపులో తీసుకోండి.