ఆ చెట్లు కొట్టకండి సార్: పార్కుల శాఖ అధికారి గారికి బహిరంగ లేఖ

నమస్కారం సార్,

నేను మీ ఊరివాణ్ణి కాదు, మీకు ఓటరునీ కాదు. ప్రయాణంలో ఒక రోజు ఖాళీ దొరికి మీ నీళ్ల ఒడ్డు పార్కులో గడిపినవాణ్ణి. రూమ్ పొద్దున్నే ఖాళీ చేసేశాం, ట్రైన్ ఏమో రాత్రికి, ఈ మధ్యలో మనిషి ఎక్కడికెళ్లాలి చెప్పండి? ఎక్కడ కూర్చున్నా ఏదో ఒకటి కొనాలి, లేదంటే కాసేపటికి లేవమంటారు. టికెట్టు లేకుండా, ఏం పని అని ఎవరూ అడక్కుండా గంటలు గంటలు ఉండగలిగింది మీ పార్కులోనే. చాలా బాగుంది సార్, ముందు ఆ మాట చెప్పాలి.

పాత గేటు వైపు ఉన్న పెద్ద చెట్ల కిందే దాదాపు రోజంతా ఉన్నాను. పొద్దునపూట నడిచేవాళ్లు, తర్వాత పిల్లల్ని తీసుకొచ్చినవాళ్లు, మధ్యాహ్నానికి నాలాగా బ్యాగులు పక్కన పెట్టుకుని ఒరిగినవాళ్లు. నేల తొందరగా వేడెక్కుతుంది, నీళ్లు నెమ్మదిగా వేడెక్కుతాయి, అందుకే పొద్దెక్కేకొద్దీ నీళ్ల మీంచి చల్లగాలి ఒడ్డుకి తిరుగుతుంది, కానీ ఆ గాలి సుఖం తెలియాలంటే తల మీద నీడ ఉండాలి కదా. నీడ జరిగేకొద్దీ జనం కూడా జరుగుతూ కూర్చున్నారు, ఎవరో తెలియని ఒక పెద్దావిడ తన దుప్పటి కొంచెం లాగి నాకూ చోటిచ్చింది.

అదే కొత్తగా కట్టిన వైపు చూడండి, రాతి పలకలు, వరసగా తాటిజాతి అలంకారపు చెట్లు, ఫొటోలో బ్రహ్మాండంగా ఉంటుంది, మధ్యాహ్నం మాత్రం ఒక్క మనిషి లేడు. ఆ చెట్లకి సన్నటి నీడ తప్ప ఏమీ పడదు, బల్లలకి వీపు ఆనించే చెక్క లేదు, చేతులు ఆనించుకునే పట్టీ లేదు. ఒక తాతగారు అలాంటి బల్ల మీంచి లేవడానికి ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకో చెయ్యి మనవడి భుజం మీద వేసి రెండుసార్లు ప్రయత్నించి మళ్లీ కూర్చుండిపోయారు. పట్టీ ఉంటే ఆయనంతట ఆయనే లేచేవారు.

ఇక అసలు విషయం. పాత గేటు దగ్గర పార్కింగ్ విస్తరణ అని బోర్డు ఉంది, ఆ పెద్ద చెట్ల మొదళ్ల మీద తెల్ల పెయింటుతో నంబర్లు ఉన్నాయి. నేను కూర్చున్న చెట్టుకీ ఉంది సార్. అది చూశాక ఇంక మనసు పార్కు మీద నిలవలేదు.

వేరే ఊళ్లు దీనికి సరిగ్గా ఎదురు దిశలో వెళ్లాయి. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో నది పక్కనున్న పెద్ద రోడ్డుని 1974లో మూసేసి అక్కడ పార్కు చేశారు, అది 1978లో తెరిచారు. శాన్ ఫ్రాన్సిస్కోలో 1989 భూకంపానికి ఒడ్డునున్న ఫ్లైఓవర్ దెబ్బతింటే బాగుచేయకుండా 1991లో కూల్చడం మొదలుపెట్టారు, ఇప్పుడక్కడ జనం నీళ్ల పక్కన హాయిగా నడుస్తున్నారు. ఒడ్డు మీద ఎప్పుడో వేసిన రోడ్లే తీసేస్తుంటే మనం ఉన్న నీడ తీసి బళ్లకి ఇవ్వడం ఏం న్యాయం?

బదులుగా వేరే చోట మొక్కలు నాటుతాం అంటారేమో. నాటండి, మంచిదే. కానీ పది మంది కింద కూర్చునేంత కొమ్మలు రావడానికి ఏళ్లు పడుతుంది, పైగా చుట్టూ సిమెంటు పోసి మూరెడు మట్టి వదిలితే వేరు ఎక్కడికి పోతుంది, నీరు ఎక్కణ్ణుంచి ఇంకుతుంది? కొత్త వైపు మొక్కలు కొన్ని అలాగే ఎండిపోయి ఉన్నాయి.

బళ్లు పెట్టుకోవడానికి చోటు కావాలి, కాదనను. రోడ్డుకి అవతల ఖాళీ స్థలం కనిపించింది, అది శాఖదో కాదో మీకే తెలియాలి. అక్కడ పార్కింగ్ పెట్టి, దాటడానికి ఒక సిగ్నలూ జీబ్రా క్రాసింగూ ఇస్తే నాలుగడుగులు నడవడానికి ఎవరికీ ఇబ్బంది ఉండదు. నడవలేనివాళ్ల బళ్లకి మాత్రం గేటు పక్కనే కొంచెం చోటు ఉంచండి. ఫైలు మీద సంతకం పెట్టేముందు ఒక్కసారి మిట్టమధ్యాహ్నం వచ్చి రెండు వైపులా నడిచి చూడండి, ఆ నంబర్లు చెరిపించండి.

ఇట్లు,
మీ పార్కులో ఒక రోజు ఉన్న ప్రయాణికుడు